పట్టుదారం – వెండితెర – కిమోనో

మనిషికి తిండి, బట్ట, ఇల్లు ముఖ్యావసరాలని మీరు కింది తరగతులలోనే చదువుకున్నారు. ఈ మూడింటిలో బట్టకు ఒక విశేషం ఉన్నది. అది ఎండనూ చలినీ కాచి ఊరుకోదు. కట్టుకున్నవారిది ఏ దేశమో, ఏ కాలమో, అది ఏ సందర్భమో కూడా చెబుతుంది. నాటకంలో తెర లేవగానే, పాత్ర నోరు విప్పకముందే, రాజెవరో బంటెవరో వేషాన్ని బట్టి గ్రహిస్తాం. అందుకే మన ప్రాచీన నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించి, వాటిలో ఆహార్యానికి ఒక స్థానం ఇచ్చింది. ఆహార్యమంటే వేషధారణ.

నేటి కాలంలో దుస్తులను కొత్తగా ఊహించి రూపొందించడం ఒక వృత్తి అయింది. ఒక భావాన్ని ఆధారం చేసుకొని, ఒక ఋతువు కోసం తయారుచేసిన దుస్తుల వరుసను ఆ వృత్తిలోనివారు ‘కలెక్షన్’ అంటారు. ఆ భావం ఒక పువ్వునుంచి రావచ్చు, ఒక కట్టడంనుంచి రావచ్చు, ఒక సినిమానుంచీ రావచ్చు. జపాను దేశస్థురాలైన హనాయె మోరి సినిమాలకు దుస్తులు కుట్టి పని నేర్చుకొని, తమ దేశపు కిమోనోనుంచి ప్రేరణ పొంది, స్త్రీల దుస్తుల రూపకల్పనలో ప్రపంచ ఖ్యాతి గడించారు. ఆమె కథ పట్టుతో ముడిపడిన కథ. పట్టు మాట వచ్చినప్పుడు మన శిడ్లఘట్టను విడిచి మాట్లాడలేము. కనుక మన ఊరినుంచే బయలుదేరుదాం.

శిడ్లఘట్ట చిక్కబళ్ళాపురం జిల్లాలోని ఒక తాలూకా కేంద్రం. 2007లో చిక్కబళ్ళాపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడేవరకు ఇది కోలారు జిల్లాలో ఉండేది. ఏడాది పొడుగునా పారే నది ఈ సీమలో లేదు. చెరువులు, బావులు, వాటి తర్వాత లోతైన బోరుబావులు – ఇవే ఇక్కడి సేద్యానికి ఆధారం. ఇటువంటి నేలలో ఎకరమో రెండెకరాలో మల్బరీ తోట ఉంటే ఒక కుటుంబం నిలదొక్కుకోగలదు. వరి కోతకు నెలల తరబడి ఎదురుచూడాలి. పట్టుపురుగుల పంట నెల తిరిగేసరికి చేతికి వస్తుంది. ఇక్కడి ప్రభుత్వ పట్టుగూళ్ళ మార్కెట్టు కర్ణాటకలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. ఒకప్పుడు గట్టిగా కేకలు వేస్తూ సాగిన వేలం ఇప్పుడు ఎలక్ట్రానిక్ పద్ధతిలో సాగుతున్నది. రైతు ఇంట తెలుగు, మార్కెట్టులో కన్నడం, దారం తీసే ఇళ్ళలో ఉర్దూ – ఇలా మూడు భాషలవారి బ్రతుకులు ఒకే పట్టుగూటి చుట్టూ అల్లుకొని ఉన్నాయి.

మీలో చాలామంది పట్టుపురుగులను చూసే ఉంటారు. గుడ్డునుంచి వెలువడినప్పుడు పురుగు చిన్న నల్లని వెంట్రుక ముక్కలా ఉంటుంది. సుమారు 25 రోజులపాటు అది మల్బరీ ఆకు తప్ప మరొకటి ముట్టదు. ఈ కాలంలో 4 సార్లు ఆకు మాని, కదలక మెదలక ఉండి, పాత చర్మాన్ని విడుస్తుంది. ఈ విరామాన్నే మన రైతులు ‘జ్వరం’ అంటారు. నాలుగో జ్వరం తీరాక దాని ఆకలికి అంతు ఉండదు. రాత్రివేళ కూడా లేచి ఆకు వేయాలి. పండిన పురుగులను ఏరి వెదురు చంద్రికలమీద వేస్తే, అవి తల అటూ ఇటూ ఆడిస్తూ, నోటి దగ్గరి రంధ్రంనుంచి వచ్చే జిగురును పోగుగా సాగదీసి, రెండు మూడు రోజులలో తమ చుట్టూ గూడు కట్టుకుంటాయి. మేలురకం తెల్లని గూటిలో ఉన్న పోగును తెగకుండా విప్పితే దాని పొడవు 1,000 మీటర్లు దాటుతుంది.

గూటిలోని పురుగు రెక్కల చిలుకగా మారి బయటికి వస్తే గూడు చిల్లుపడుతుంది, పోగు తెగిపోతుంది. కనుక అది బయటికి రాకముందే గూళ్ళను ఆవిరిలోగాని వేడిగాలిలోగాని ఉంచుతారు. తర్వాత మరిగే నీటిలో వేస్తే జిగురు మెత్తబడి పోగు కొస దొరుకుతుంది. ఒంటి పోగు చాలా సన్నం. అది నేతకు పనికిరాదు. అనేక గూళ్ళ పోగులను కలిపి లాగినప్పుడే అది పట్టుదారమవుతుంది. ఈ పనికి మొదట చరఖాలుండేవి. తర్వాత కాటేజ్ బేసిన్లు, మల్టీఎండ్ యంత్రాలు, ఇటీవల ఆటోమేటిక్ యంత్రాలు వచ్చాయి. అయినా ఆవిరిలో, తడిలో పొద్దంతా ఉండి, వేడినీళ్ళలో వేళ్ళు ముంచి కొస వెదకడం చాలామందికి ఇంకా తప్పలేదు. వారి చేతివేళ్ళు నాని, ఒరిసి, పగిలి ఉంటాయి. పట్టుబట్ట మెత్తదనానికి ఎవరు వెల చెల్లిస్తున్నారో ఆ వేళ్ళను చూస్తే తెలుస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక కిలో దారం రావాలంటే రకాన్ని బట్టి సుమారు 6 నుంచి 8 కిలోల గూళ్ళు కావాలి. అరకిలో దారం పట్టే పట్టుచీరకు 3 లేక 4 కిలోల గూళ్ళు అవసరమన్నమాట. ఒక్కొక్క గూడు బరువు ఇంచుమించు 2 గ్రాములు. అంటే ఒక చీర వెనుక దాదాపు రెండు వేల పురుగుల జీవితమూ, వాటిని సాకిన ఒక ఇంటిల్లిపాది నిద్రలేని రాత్రులూ ఉన్నాయి. మన ప్రాంతపు దారం నేతగాండ్ర ఊళ్ళకు వెళ్ళి చీర అవుతుంది. అప్పుడు దానికి ధర్మవరం చీర అనో, కంచి పట్టు అనో పేరు వస్తుంది. దారం తీసిన ఊరి పేరు చీరమీద ఎక్కడా కనిపించదు.

ఈ విద్యలో మనకూ జపానుకూ ఉన్న బంధం నూరేళ్ళకు పైబడినది. 1893లో జపానును సందర్శించిన జంషెడ్‌జీ టాటా అక్కడి పట్టు పరిశ్రమను చూసి, ఆ పద్ధతులు మైసూరు సంస్థానానికి అనుకూలిస్తాయని భావించారు. ఆనాటి దివాను శేషాద్రి అయ్యర్ సహకారం లభించింది. 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో బెంగళూరులో ఒక పట్టు క్షేత్రం వెలిసింది. జపానునుంచి వచ్చిన నిపుణులు అక్కడ మనవారికి శిక్షణ ఇచ్చారు. బసవనగుడి ప్రాంతంలో ‘టాటా సిల్క్ ఫార్మ్’ అనే పేరు ఇప్పటికీ నిలిచి ఉన్నది. మళ్ళీ 1991 నుంచి 2007 వరకు మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన, శిక్షణ సంస్థ జపాను సహకారంతో బైవోల్టిన్ రకాలపై కృషి చేసింది. నేడు మన రైతులు పెంచే తెల్లగూళ్ళ రకాలు చాలావరకు ఆ కృషి ఫలితాలే.

ఇంత శ్రద్ధగా పట్టును పెంచిన జపానువారు దానిని ఎలా ధరించేవారో ఇప్పుడు చూద్దాం. వారి సంప్రదాయ దుస్తు కిమోనో. ‘ధరించే వస్తువు’ అని ఆ మాటకు అర్థం. కిమోనోకు కావలసిన గుడ్డను సుమారు 36 సెంటీమీటర్ల వెడల్పుతో, 12 మీటర్ల పొడవుతో ఒకే తానుగా నేస్తారు. ఆ తానును వంకరలు లేకుండా నిలువు ముక్కలుగానే కత్తిరిస్తారు. ఒంటి కొలతలకు తగినట్లు గుండ్రంగా కోసి గుడ్డను వృథా చేయరు. మనిషి పొట్టి అయితే నడుము దగ్గర మడత వేస్తారు. పైన ‘ఓబి’ అనే వెడల్పాటి నడికట్టు చుట్టి, వీపువైపు అందంగా ముడివేస్తారు. ఎడమ అంచు ఎప్పుడూ కుడి అంచుమీదికి రావాలి. చనిపోయినవారికి మాత్రమే అది తారుమారవుతుంది. పెళ్ళికాని యువతుల కిమోనోకు చేతులు కిందికి బారుగా వేలాడుతుంటాయి. కుట్లు విప్పి, ముక్కలను ఉతికి, తిరిగి కుట్టుకోవడం కూడా వారి పద్ధతులలో ఒకటి.

ఈ వర్ణన చదువుతుంటే మీకు మన చీర గుర్తుకు రాకమానదు. చీరకు అసలు కత్తెరే తగలదు. సన్నగా ఉన్నా లావుగా ఉన్నా, కుచ్చిళ్ళ లెక్క మారుతుందేగాని చీర మారదు. అమ్మ చీర కూతురికి, కూతురి చీర మనుమరాలికి సరిపోతుంది. చీరైనా కిమోనో అయినా నేతగాడి శ్రమను వృథా చేయదు. రెండింటిలోనూ అందమంతా గుడ్డలో, అంచులో, మడతలో ఉంటుంది. పాశ్చాత్యుల గౌను ఒంటికి తగినట్లు గుడ్డను కోస్తుంది. చీరా కిమోనో గుడ్డకు తగినట్లు ఒంటిని అలంకరిస్తాయి. ఈ భేదం గ్రహిస్తే హనాయె మోరి సాధించినదేమిటో సులభంగా అర్థమవుతుంది.

అయితే ఒక దేశపు దుస్తులు మరో దేశానికి తెలియడమెలా? పూర్వం వర్తకులవల్ల, యాత్రికులవల్ల తెలిసేవి. 20వ శతాబ్దిలో ఆ పనిని సినిమా చేపట్టింది. 1953లో తెయినోసుకె కినుగాస దర్శకత్వంలో జపానులో ‘జిగోకుమోన్’ అనే రంగుల చిత్రం వచ్చింది. ‘నరకద్వారం’ అని ఆ పేరుకు అర్థం. 12వ శతాబ్దినాటి ఆ కథకు చిత్రకారుడు సాన్జో వాడా దుస్తులను రూపొందించాడు. ఆ దుస్తుల వర్ణశోభను చూసి పాశ్చాత్య ప్రేక్షకులు ముగ్ధులయ్యారు. 1955లో ఆ చిత్రానికి వస్త్రాలంకరణ విభాగంలో ఆస్కారు బహుమతి లభించింది.

మన దేశంలోనూ తెరమీది దుస్తులు ఇళ్ళలోకి నడిచి వచ్చాయి. 1970ల్లో తెలుగు నటి వాణిశ్రీ చీరకట్టును, కొప్పును అనుకరించని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. 1966లో విడుదలైన ‘లవ్ ఇన్ టోక్యో’ అనే హిందీ చిత్రంలో ఆశా పారేఖ్ కిమోనో ధరించి కనిపిస్తుంది. ఆమె జుట్టుకు పెట్టుకున్న రెండు పూసల రబ్బరు బ్యాండు ఆ సినిమా పేరుతోనే అంగళ్ళలో అమ్ముడుపోయింది. మీ అవ్వలను అడిగి చూడండి. ‘లవ్ ఇన్ టోక్యో’ అంటే సినిమా అని కాక, జడకు పెట్టుకునే బ్యాండు అని వారు చెప్పినా చెప్పవచ్చు.

ఇక హనాయె మోరి విషయానికి వద్దాం. ఆమె 1926లో షిమానె రాష్ట్రంలో జన్మించారు. టోక్యోలో జపాను సాహిత్యం చదివారు. వివాహమైన తర్వాత కుట్టుపని నేర్చుకొని, 1951లో టోక్యోలోని షింజుకు ప్రాంతంలో చిన్న దుకాణం తెరిచారు. దానికి ఎదురుగా ఒక సినిమాహాలు ఉండేది. అక్కడికి వచ్చిపోయే సినిమావారి దృష్టి ఈ దుకాణంమీద పడింది. అలా మొదలైన పని పెరిగి పెరిగి, ఆమె వందలాది చిత్రాలకు దుస్తులు సమకూర్చారు. ఓజు, ఓషిమా వంటి పేరుపొందిన దర్శకుల చిత్రాలు వాటిలో ఉన్నాయి.

సినిమాలో దుస్తులు కుట్టడం మామూలు కుట్టుపని వంటిది కాదు. అక్కడ బట్ట నటి ఒంటికి సరిపోతే చాలదు, పాత్రకు సరిపోవాలి. బీదరాలి గౌను ఎక్కడ వెలిసిపోవాలి, కోపంగా నడిచి వెళ్ళే స్త్రీ వెనుక అంచు ఎలా ఊగాలి – ఇవన్నీ ఆలోచించాలి. నలుపు తెలుపు చిత్రంలో రంగులన్నీ వెలుగునీడలుగా మారిపోతాయి కనుక గుడ్డ మెరుపూ మడతా మాత్రమే పలుకుతాయి. ఈ పాఠశాలలో నేర్చిన విద్య ఆమెకు తర్వాతి కాలంలో ఎంతో ఉపకరించింది.

1961లో ఆమె న్యూయార్కు వెళ్ళారు. అక్కడి పెద్ద అంగళ్ళలో జపాను బట్టలు నేలమాళిగలో చవక సరుకుగా అమ్ముడుపోతుండటం చూశారు. ‘మదామా బటర్‌ఫ్లయ్’ అనే సంగీత నాటకాన్ని కూడా చూశారు. అందులో జపాను స్త్రీ పరదేశీయుడిని నమ్మి, ఎదురుచూసి, చివరకు ప్రాణం తీసుకుంటుంది. తమ స్త్రీని అబలగా, తమ సరుకును చవకగా లోకం చూస్తున్నదన్న సంగతి ఆమె మనస్సును గాయపరిచింది. ఆమె కోపంతో ఊరుకోలేదు. తన చేతిలోని విద్యతోనే దానికి సమాధానం చెప్పాలనుకున్నారు.

1965లో న్యూయార్కులోనే ఆమె తన తొలి విదేశీ కలెక్షన్‌ను ప్రదర్శించారు. ప్రాచ్యమూ పాశ్చాత్యమూ కలుసుకోవడం దాని సారాంశం. అందులో ఆమె కిమోనోను కిమోనోగానే తీసుకువెళ్ళి చూపలేదు. కిమోనోకు వాడే పట్టును, ఓబికి నేసే బరువైన గుడ్డను, వాటిమీది పూలను, అలలను, పక్షులను తీసుకున్నారు. వాటిని పాశ్చాత్య స్త్రీలు ధరించే పొడవాటి గౌనులుగా మలిచారు. ఇక్కడ అనుకరణకూ ప్రేరణకూ గల భేదం గమనించదగినది. పరాయి రూపాన్ని ఉన్నదున్నట్లు దించుకోవడం అనుకరణ. ఆ రూపం వెనుక ఉన్న సూత్రాన్ని గ్రహించి కొత్త అవసరానికి అన్వయించడం ప్రేరణ. గుడ్డను గౌరవించాలన్న కిమోనో సూత్రాన్ని ఆమె గౌనులోకి ప్రవేశపెట్టారు.

ఏ సీతాకోకచిలుక పేరుతో ఉన్న నాటకం ఆమెను బాధపెట్టిందో, ఆ సీతాకోకచిలుకనే ఆమె తన చిహ్నంగా చేసుకున్నారు. 1977లో పారిస్‌లోని అత్యున్నత దుస్తుల రూపకర్తల సంఘంలో ఆమెకు సభ్యత్వం లభించింది. ఆ గౌరవం పొందిన తొలి ఆసియా మహిళ ఆమే. 1985లో ఇటలీలోని లా స్కాలా రంగస్థలంమీద ‘మదామా బటర్‌ఫ్లయ్’ను ప్రదర్శించినప్పుడు దుస్తులు రూపొందించే బాధ్యతను ఆమెకే అప్పగించారు! 1993లో జపాను యువరాణి మసాకో పెళ్ళి గౌనును కూడా ఆమె రూపొందించారు. 2004లో పారిస్ ప్రదర్శనలనుంచి విరమించుకొని, 2022లో తన 96వ ఏట కన్నుమూశారు.

తెర దుస్తులలో ఇటువంటి కీర్తి మన దేశానికీ దక్కింది. కొల్హాపూరులో పుట్టిన భాను అథయ్య 1982లో వచ్చిన ‘గాంధీ’ చిత్రానికి దుస్తులు రూపొందించి, 1983లో ఆస్కారు పొందారు. భారతీయులలో ఆ బహుమతి అందుకున్న మొదటి వ్యక్తి ఆమె. ఆ చిత్రంలో ముఖ్యమైన వస్త్రం ఏది? నూలు ఖద్దరు! వెల కాదు, వస్త్రం చెప్పే సత్యమే ప్రధానమని దీనివల్ల తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినది కీర్తి కథ. దీనికి మరొక పక్క ఉన్నది. 1872లో జపాను ప్రభుత్వం తొమియోకలో గొప్ప పట్టుదారపు మిల్లును స్థాపించింది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో ప్రపంచానికి పట్టుదారం అందించడంలో జపాను అగ్రస్థానంలో ఉండేది. తర్వాత నైలాను వచ్చింది, కూలి రేట్లు పెరిగాయి, పల్లెల యువకులు పట్నాలకు తరలిపోయారు. తొమియోక మిల్లు 1987లో మూతపడింది. 2014లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. నేడు అక్కడికి చూడవచ్చేవారున్నారు. దారం తీసేవారు లేరు. ఆ దేశంలో పట్టుపురుగులను పెంచే కుటుంబాలు ఇప్పుడు కొన్ని వందలకు మించవు. కిమోనో మిగిలింది; దాని దారం మాత్రం చాలావరకు పరాయి దేశాలనుంచి వస్తున్నది.

శిడ్లఘట్టకు ఈ సంగతి దూరపు వార్త కాదు. ఇక్కడా బోర్లలో నీరు అడుగంటుతున్నది. దిగుమతి దారం చవకగా వచ్చినప్పుడు గూళ్ళ ధర పడిపోతుంది. చదువుకున్న పిల్లలు తట్టలు, చంద్రికలు పట్టుకోవడానికి ఇష్టపడటం లేదు. అందులో వారి తప్పు లేదు. కష్టానికి తగిన ఫలితం, పనికి తగిన గౌరవం లేనిచోట ఎవరు నిలుస్తారు? 2004లో ప్రారంభమైన ‘సిల్క్ మార్క్’ ముద్ర చీర స్వచ్ఛమైన పట్టుదో కాదో చెబుతుంది. ఆ దారం ఏ ఊరిదో, ఎవరి వేళ్ళనుంచి వచ్చిందో చెప్పదు.

ఆ మాట చెప్పగలవారు మన ఊళ్ళోనే పుట్టాలి. గూటిని చేతితో నొక్కి దాని నాణ్యం చెప్పగల పిల్లలు, తెగిన కొసను కంటితో పట్టగల పిల్లలు ఈ సీమలో ఎందరో ఉన్నారు. పట్నపు కళాశాలలలో పుస్తకం చూసి నేర్చుకోవలసిన సంగతులు వారికి ఇంట్లోనే తెలుసు. వారిలో కొందరైనా నేతను, అద్దకాన్ని, రూపకల్పనను నేర్చుకుంటే, దారంతో ఆగిపోయిన మన ఊరి పని వస్త్రందాకా సాగుతుంది. హనాయె మోరి న్యూయార్కుకు తీసుకువెళ్ళినది తమ ఇళ్ళలో అవ్వలు కట్టిన గుడ్డనే. దాని విలువ తెలుసుకున్న తర్వాతనే ఆమె దానికి కొత్త రూపం ఇచ్చారు. మీరు ఈసారి మార్కెట్టు పక్కగా వెళ్ళేటప్పుడు ఒక తెల్లని గూటిని చేతిలోకి తీసుకొని చూడండి. అందులో వెయ్యి మీటర్ల పోగు ఉన్నది. అది ఎంత దూరం వెళుతుందనేది దానిని అందుకునే చేతులమీద ఆధారపడి ఉంటుంది.

పదాలు – అర్థాలు

ఆహార్యం : వేషధారణ, దుస్తులు, అలంకరణ
చంద్రిక : పట్టుపురుగులు గూళ్ళు కట్టడానికి వాడే వెదురు సాధనం
తాను : మగ్గంనుంచి దించిన పొడవాటి గుడ్డ చుట్ట
ప్రాచ్యం : తూర్పు దేశాలకు సంబంధించినది
నేలమాళిగ : నేలకు కింద కట్టిన గది
అన్వయించు : వర్తింపజేయు
అద్దకం : బట్టకు రంగులు, బొమ్మలు వేయడం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు రెండేసి వాక్యాలలో జవాబులు రాయండి.
1. దుస్తుల కలెక్షన్ అంటే ఏమిటి?
2. పట్టుపురుగు చిలుకగా మారి బయటికి వస్తే దారానికి కలిగే నష్టమేమి?
3. టాటా సిల్క్ ఫార్మ్ ఎలా ఏర్పడింది?

ఆ) కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. చీరకూ కిమోనోకూ గల పోలికలను వివరించండి.
2. అనుకరణకూ ప్రేరణకూ గల భేదాన్ని మీకు తెలిసిన ఉదాహరణతో రాయండి.
3. జపాను పట్టు పరిశ్రమ క్షీణించడానికి కారణాలేవి? అవి మన ప్రాంతానికి ఎంతవరకు వర్తిస్తాయి?

ఇ) మీ ఊరిలో దారం తీసేవారినిగాని, పట్టుపురుగులు పెంచేవారినిగాని కలిసి మాట్లాడండి. వారు తమ పనిలో వాడే పదాలను పది సేకరించి, ఒక్కొక్కదానిని సొంతవాక్యంలో ప్రయోగించండి.